ఒకటే బ్యాగు

మీరు వెళ్ళిరండి, నేను బ్యాగు దగ్గర ఉంటాను అంది పెద్దది, బ్యాంకు లాకరుకి కాపలా ఉంటానన్నంత గంభీరంగా, దాంతో నా కూతురి మొహం కాస్త చిన్నబోయింది, అల్లుడు మాత్రం ‘సూపర్‌వైజర్ గారు డ్యూటీలో ఉంటారట, పద పద’ అని నవ్వేసి, పెద్దదాని తమ్ముడు బుడంకాయని భుజాల మీదికి ఎక్కించుకుని పార్కులో పడవల లైన్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆ లైను చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఇనుప కడ్డీల మధ్య అటొక మెలిక, ఇటొక మెలిక, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలీదు, గంట పడుతుందని బోర్డు మీద వాళ్ళే రాసిపెట్టుకున్నారు సిగ్గులేకుండా. పడవలో కూర్చునేది ఒక్క క్షణం, దానికోసం గంట నిలబడాలట, నిలబడ్డందుకు మళ్ళీ టిక్కెట్టట. నా మోకాళ్ళకి ఇలాంటి సరదాలు పడవు కాబట్టి నాకు బెంచీ ఖాయమని పొద్దున్నే అందరికీ తెలుసు. ఏడేళ్ళు నిండని పిల్లకేమొచ్చింది? తోటి పిల్లలందరూ చెప్పులు ఊడిపోయేలా పరిగెడుతుంటే ఇది నా పక్కన బెంచీ అంచున కూర్చుని, బ్యాగు పట్టీని మణికట్టుకి మెలేసుకుని, లైన్లో ఉన్న తమ్ముణ్ణి చూస్తోంది. లైను మెలిక తిరిగి వాడు కనపడకుండా పోతే మెడ సాగదీస్తుంది, కనపడగానే తగ్గుతుంది. ఐస్‌క్రీం తింటావా అంటే వద్దండీ, థాంక్యూ అమ్మమ్మగారూ అంటుంది. అమ్మమ్మకి గారు తగిలించిన పిల్లని నా జన్మలో దీన్నే చూశాను.

మెడలూ భుజాలూ నాకు కొత్త కాదు, కుట్టు మిషను తొక్కి బతికినదాన్ని, మనిషి గుమ్మంలో నిలబడితే కొలత తెలిసిపోతుంది. ఈ పిల్లకి మొదటిసారి టేపు పట్టినప్పుడు నేను అడక్కముందే చేతులు చాచింది, తిరగమనకముందే తిరిగింది, ఊపిరి బిగబట్టుకుని నిలబడింది, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, భుజాలు వదులు తల్లీ అంటే వదిలానండీ అంది. వదల్లేదు. ఎవరెవరి ముందు ఎన్నిసార్లు అలా నిలబడిందో, ఎవరెవరు ఎగాదిగా చూశారో. బుడంకాయ అయితే టేపుని చూసి పామనుకుని మంచం కిందికి దూరాడు, వాణ్ణి కాలు పట్టి బయటికి లాగి నడుము కొలిచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పిల్లలంటే వాడిలా ఉండాలి. ఇది పిల్లా పెద్ద మనిషా అని ఆ రోజే అనుకున్నాను, అనుకుని ఫ్రాకుకి రెండు జేబులు పెట్టాను, జేబులుంటే ఆ చేతులకి కాస్త విశ్రాంతి దొరుకుతుందని. ఒక జేబులో తమ్ముడి రుమాలు, రెండో జేబులో తమ్ముడి బిస్కెట్టూ తమ్ముడు ఏరుకున్న గులకరాళ్ళూ. తనది అంటూ ఏమీ లేదు, నేను బట్టలు ఉతికేటప్పుడు ప్రతిసారీ చూస్తాను.

ఎదురుగా ఎలుగుబంటి వేషం ఒకటి, పిల్లల్ని చంకలో పెట్టుకుని ఫొటోలు దిగుతోంది. ఈ ఎండలో ఆ బొచ్చు వేసుకుని గంతులు వెయ్యడం తమాషా కాదు. వీపు మీద జిప్పు దగ్గర కుట్టు ఊడిపోతోంది, ఎవరు కుట్టారో గానీ చెయ్యి తిరిగిన పని కాదు, నాకిస్తే పది నిమిషాల్లో బాగుచేసి ఇద్దును. జనం పల్చబడగానే అది టిక్కెట్ల గది వెనక్కి వెళ్ళి, తల పీకి చంకలో పెట్టుకుని, సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. లోపల ఎవరో కుర్రాడనుకున్నాను, నా కూతురి వయసు ఆడమనిషి, జుట్టంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. చూశావా అన్నాను పెద్దదానితో. ‘చూశానండీ, ఇంటికెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్తారు’ అంది, ఆ మనిషి బండారం తనకెప్పుడో తెలిసినట్టు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందే గానీ పూర్తిగా రాలేదు, పొద్దుట్నుంచీ నా లోపల ఏదో దారం చిక్కుపడి ఉంది, ఎక్కడ పడిందో అంతుపట్టడం లేదు.

మా అల్లుణ్ణి చూడండి, లైన్లో కూడా కుదురు లేదు, కడ్డీ మీద నుంచి వంగి ఆ పడవల్ని పైకి లాగే గొలుసు కేసి చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఈ పార్కులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఒక్క బొమ్మనీ చూళ్ళేదు, మోటార్లే. గుర్రాల చక్రం చుట్టూ తిరిగి, చెవి ఒగ్గి విని, బేరింగులు బాగానే ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చాకే బుడంకాయని గుర్రం ఎక్కనిచ్చాడు, ఎక్కించాక తనూ పక్కనే నడిచాడు, చక్రంతో పాటు గుండ్రంగా, చెయ్యి వాడి వీపు మీద నుంచి తియ్యకుండా, చూసేవాళ్ళు నవ్వుతారన్న ధ్యాసే లేదు. నోరు మాత్రం కట్టెయ్యాలి, ఆ నోటికి తాళం లేదు. అయినా ఈ మనిషిని పెళ్ళిచూపుల్లో చూసి, వీడేం సంసారం చేస్తాడే అని నేనంటే, నవ్విస్తాడమ్మా అంది నా కూతురు, అంతే, ఇంకో మాట లేదు. దాని తీరే అంత. మందుల షాపులో కౌంటరు వెనక రోజంతా నిలబడుతుంది, ఎవరు అరిచినా గొంతు పెంచదు, చీటీలో రాత అర్థం కాకపోతే ఆ డాక్టరుకి ఫోను చేసి మరీ అడుగుతుంది. ఈ పిల్లల కోసం దత్తత ఆఫీసుకి వెళ్ళిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. అక్కడి ఆఫీసరమ్మ మంచి మనిషే, మంచిగానే చెప్పింది, ఇద్దరంటే కష్టమమ్మా, చిన్నవాడికి ఎవరైనా ముందుకొస్తారు, పెద్దపిల్లకే ఎవరూ దొరకరు, మీరు ఒక్కరితో మొదలుపెట్టండి అని. నా కూతురు సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, తాగి, మూత బిగించి, ‘చెప్పుల షాపులో ఒక కాలిది ఇస్తే మీరు తీసుకుంటారా మేడం’ అంది. గొంతు పెంచలేదు. ఆ రోజు దాన్ని కన్నందుకు నాకు ఎంత గర్వమనిపించిందో, బస్సులో ఇంటికొస్తూ దారి పొడుగునా కిటికీ బయటికే చూశాను, అటు తిరిగితే ఏడ్చేస్తానని.

పోయిన వారం కోర్టులో జడ్జిగారు సంతకం పెట్టారు. ఇక వీళ్ళు మీ పిల్లలే అన్నారు. పిల్లలకి ఇంట్లో చెప్పాం కూడా, ఇక మీరు మావాళ్ళే అని, బుడంకాయ సోఫా మీద నుంచి దూకాడు, పెద్దది సరేనండీ అంది. దానికి పండగలా ఏదో చెయ్యాలని అల్లుడి సరదా, ఈ పార్కు, రాత్రికి హోటలు, హోటల్లో కేకు, కేకు మీద ఇద్దరి పేర్లూ మా అల్లుడి ఇంటిపేరుతో. అంతా రహస్యమే. పొద్దున్నే ఇద్దర్నీ లేపి, లేవండి లేవండి, బట్టలు సర్దుకోండి, ఎక్కడికో చెప్పనుగాక చెప్పను అని గంతులేశాడు, చెరొక బ్యాగు కొత్తది కొనిపెట్టాడు. పిల్లలకి సర్‌ప్రైజ్ అంటే ఇష్టం అత్తయ్యా అన్నాడు. నిజమే అనుకున్నాను. అనుకోనివాళ్ళెవరు?

వంటింట్లోంచి వస్తూ చూశాను, పెద్దది తను పడుకున్న దుప్పటి మడత పెట్టింది, బుడంకాయది మడత పెట్టింది, దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టింది, మంచం పక్కన గోడకి బుడంకాయ అంటించిన స్టిక్కర్లు గోటితో గీకుతోంది. ఉండనీవే అంటే, లేదండీ శుభ్రం చేస్తాను అంది. ఎంత బుద్ధిమంతురాలు అనుకున్నాను నేను, తెలివి తక్కువదాన్ని. తర్వాత కారెక్కేటప్పుడు అల్లుడు దాని బ్యాగు ఎత్తబోయి, ఇందులో ఇటుకలేమైనా పెట్టావా సూపర్‌వైజర్ గారూ అన్నాడు, అందరం నవ్వాం, అది కూడా నవ్వింది, మేము నవ్వాం కాబట్టి. బుడంకాయ బ్యాగు కనపడలేదు, ఏదంటే అందులోనే పెట్టేశానండీ అంది. ఇంటి తలుపు వేసేటప్పుడు గడప దగ్గర నిలబడి లోపలికి చూసింది, ఒక్కొక్క గదే, నేను చెప్పులు వేసుకునేదాకా. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఎండ బెంచీ మీదికి జరుగుతోంది, నీ టోపీ ఉందేమో తీస్తానని బ్యాగు జిప్పు లాగాను. ‘నేను తీస్తానండీ, నేను తీస్తానండీ’ అని చెయ్యి అడ్డం పెట్టింది, అప్పటికే సగం తెరుచుకుంది. చలికాలం స్వెట్టరు. వానాకాలం బూట్లు. బుడంకాయకి పట్టక పక్కన పడేసిన చెప్పులు. పళ్ళు తోముకునే బ్రష్షులే కాదు, సబ్బు పెట్టె కూడా. తోక తెగిన గుర్రబ్బొమ్మ, స్కూల్లో ఇచ్చిన రంగు పెన్సిళ్ళు, అరిగి గోరంత మిగిలినవి కూడా. అన్నిటి కింద మడతపెట్టి బుడంకాయ కొత్త బ్యాగు. ఒక్క రాత్రికి ఇవన్నీ ఎందుకే అన్నాను. అది జిప్పు వెనక్కి లాగుతూ, లైను కేసే చూస్తూ, నెమ్మదిగా అడిగింది.

‘అమ్మమ్మగారూ, కారు గేటు దగ్గరికి వస్తుందా, ఇక్కడికే వస్తుందా?’

‘ఏ కారే? మన కారు అక్కడే పెట్టాం కదా.’

‘మీ కారు కాదండీ. మమ్మల్ని తీసుకెళ్ళే కారు.’

చుట్టూ అన్నీ మోగుతున్నాయి, గుర్రాల చక్రం పాట, పడవ నీళ్ళలో పడ్డప్పుడల్లా కేకలు, మైకులో ఎవరో బాబు తప్పిపోయాడని చెప్తున్నారు, మధ్యలో ఈ పిల్ల ఏదో రైలు టైము అడిగినట్టు అడుగుతోంది. మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారే అన్నాను. చెప్పింది. ఏడవకుండా చెప్పింది, అదే నాకు మింగుడు పడలేదు. ముందున్న ఇంట్లో వాళ్ళు కూడా పొద్దున్నే బట్టలు సర్దుకోమన్నారట, ఎక్కడికో చెప్పలేదట, ఉయ్యాలలున్న పార్కుకి తీసుకెళ్ళి ఐస్‌క్రీం కొనిపెట్టి ఫొటోలు తీసుకున్నారట, సాయంత్రం గేటు దగ్గరికి ఆఫీసు కారు వచ్చిందట. అంతకుముందు ఇంట్లో వాళ్ళు కొత్త గౌన్లు కొన్నారట. ‘ఈసారి పార్కు పెద్దదండీ’ అంది, మమ్మల్ని మెచ్చుకుంటున్నట్టు. మీరు బాగా చూసుకున్నారు అన్నట్టు. ‘తమ్ముడికి పడుకునేటప్పుడు చెవి పట్టుకోవాలండీ, పక్కవాళ్ళ చెవి. లేకపోతే నిద్రపోడు. కొత్తవాళ్ళకి మీరు చెప్తారా? నేను చెప్తే పెద్దవాళ్ళు వినరు.’

ఇదా, ఇదా పొద్దుట్నుంచీ నాకు చిక్కుపడ్డ దారం! ఐస్‌క్రీం వద్దన్నది ఇందుకా, స్టిక్కర్లు గీకింది ఇందుకా, మేమందరం పండగ పండగ అని ఎగురుతుంటే ఈ ప్రాణం మా మధ్యలో కూర్చుని వీడ్కోలు చెప్పుకుంటోందా, అదీ మమ్మల్ని నొప్పించకుండా, గుర్రం ఎక్కమంటే ఎక్కి, నవ్వమంటే నవ్వి. అల్లుడు వింటే ఆ గొలుసు కిందే పడిపోతాడు. ఇద్దరి సామానూ ఒక్క బ్యాగులో ఎందుకు కుక్కావే తల్లీ, మొయ్యలేవు కదా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. అది నన్ను మొదటిసారి తిన్నగా చూసింది, చెప్పొచ్చో లేదో తూచుకుంది, చెప్పింది. ‘ఒకటే బ్యాగు ఉంటే ఒక ఇంటికే పంపాలి కదండీ.’

ఎంత మంది లాయర్లు కూర్చుంటే తోచాలి ఆ ఆలోచన. ఎవరూ నేర్పలేదు, ఎవర్నీ అడగలేదు, తెల్లవారి మంచం మీద కూర్చుని, బెదిరిపోయి కూడా బెదరనట్టుండి, తమ్ముడి చొక్కాలూ తన గౌన్లూ కలగలిపి మడతలు పెట్టి, విడదీయాలన్నా విడదీయడానికి వీల్లేకుండా సర్దింది. స్వెట్టరులో వాడి నిక్కర్లు. వాడి బూట్లలో తన మేజోళ్ళు. ఎదిగిన మగవాళ్ళు కుప్పకూలే చోట ఈ వేలెడంత పిల్ల పని చేసుకుంది. దీన్ని చూసి జాలిపడాలని రావడం లేదు నాకు, లేచి నిలబడి దణ్ణం పెట్టాలనిపిస్తోంది, పెడితే భయపడుతుందని ఊరుకున్నాను. చెప్పాలి, వెంటనే చెప్పాలి, ఏ కారూ రాదు అని, మీరు మావాళ్ళే అని. కానీ ఆ మాట పోయిన వారం చెప్పాం కదా, సరేనండీ అంది కదా. ఆ మాట దీనికి ముందున్న ఇళ్ళలో కూడా చెప్పే ఉంటారు. మాటలు దీని దగ్గర చెల్లవు. కూతుర్ని కేకేద్దామా అంటే లైను మధ్యలో ఇరుక్కుంది, అటు చెయ్యి ఊపింది, ఏమీ తెలీని మొహంతో, పెద్దది కూడా చెయ్యి ఊపింది.

అప్పుడు నా చేతులకి తోచింది, నాకు తోచలేదు. దాని ఫ్రాకు అంచు పట్టుకుని తిరగేశాను. ఇదిగో, ఇక్కడ పట్టుకో, ఏముంది లోపల? గుడ్డండీ అంది. ఎంతుంది? రెండు వేళ్ళతో తడిమింది, తడుముతూ పోయింది, మడత లోపల మడత. ‘చాలా ఉందండీ.’ ఇది వచ్చే ఏడాదికి, నువ్వు పెరిగితే ఈ కుట్టు విప్పి కిందికి దింపుతాను, ఇది ఆ పై ఏడాదికి. నడుము దగ్గర చూడు, ఇక్కడా వదిలాను. చంకల దగ్గర చూడు. తమ్ముడి నిక్కరుకీ అంతే. ఏడాదికల్లా వెళ్ళిపోయే పిల్లకి ఇంత గుడ్డ ఎవరు దాస్తారే, నాకేం పిచ్చా? మీ అమ్మ నన్ను అడగలేదు, కోర్టు అడగలేదు, నువ్వు మా గుమ్మం ఎక్కిన వారానికే నేను ఇలా కుట్టాను, కావాలంటే కుట్టు చూడు, దారం వెలిసింది.

అది చూసింది. ఊరికే నమ్మే రకం కాదు కదా, ఒంగి, అంచు కళ్ళ దగ్గర పెట్టుకుని, దారం రంగు చూసింది, గోటితో మడత ఎత్తి చూసింది. ఏం తోచిందో, తల ఎత్తి, ‘కొత్తవాళ్ళు కూడా విప్పుకోవచ్చు కదండీ’ అంది. చూశారా, చూశారా ఆ బుర్ర! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, వాటితో పాటు కోపం కూడా వచ్చింది. ‘నా కుట్టు మీద ఇంకొకళ్ళు కత్తెర పెడతారా? పెట్టమను చూద్దాం! నేను బతికుండగా నా కుట్టు నేనే విప్పాలి, ఏ కారొచ్చినా, కారులో ఎవరొచ్చినా ముందు నాతో తేల్చుకోవాలి’ అని గట్టిగా అరిచేశాను, పక్క బెంచీ వాళ్ళు పాప్‌కార్న్ ఆపి చూశారు. ఎంత బాగా చెప్పాలనుకున్నానో, పోట్లాటలా వచ్చింది. అది మాత్రం నన్ను చాలాసేపు చూసింది, కళ్ళార్పకుండా, నా కోపాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు, ప్రేమగా చెప్పినవాళ్ళని చాలామందిని చూసి ఉంటుంది, దెబ్బలాటకి దిగినవాళ్ళని బహుశా చూసి ఉండదు. ఫ్రాకు అంచు పట్టుకునే కూర్చుంది. లైను కదిలింది, వాళ్ళు ముగ్గురూ పడవెక్కారు, పైకి వెళ్ళారు, బుడంకాయ కేక నేను వేరే కేకల్లోంచి ఏరి విన్నాను, కిందికి జారారు. ఇది మెడ సాగదీయలేదు.

తడిసి ముద్దయి వచ్చారు. బుడంకాయ ఒకటే అరుపు, అక్కా నీళ్ళు, అక్కా పడ్డాం, అక్కా మళ్ళీ అని. అల్లుడు జుట్టు విదిలించుకుంటూ, ఇప్పుడు జెయింట్ వీల్, మోటారు చూశాను, కొత్తది, లేవండి లేవండి అన్నాడు. పెద్దది లేచి నిలబడింది.

‘ఇంటికెళ్దాం’ అంది.

నా కూతురి మొహం వాడిపోయింది, వంగి నుదురు మీద చెయ్యి పెట్టి, ఒళ్ళు వెచ్చగా ఉందామ్మా, కడుపు నొప్పా, బాగాలేదా ఇక్కడ అంటూ సంచీలో మందులు వెతకడం మొదలుపెట్టింది. ఇంటికెళ్దాం అంది ఇది మళ్ళీ, ఈసారి గట్టిగా. రాత్రికి హోటలమ్మా, హోటల్లో కేకు కూడా అని అల్లుడు ఉన్న రహస్యమంతా కక్కేశాడు. ‘నాకు కేకొద్దు! హోటలొద్దు! ఇంటికెళ్దాం!’ కాలు నేలకేసి కొట్టింది, రెండో కాలూ కొట్టింది, నోరు తెరిచి, ముక్కు కారుతూ, పార్కు పార్కంతా వినపడేలా ఏడుపు, ఎలుగుబంటి కూడా ఫొటో మానేసి ఇటు తిరిగింది. ఇన్నాళ్ళలో దీని గొంతు ఇంతుందని మాకెవరికీ తెలీదు. బుడంకాయ నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు, ఇలా ఏడ్చే హక్కు తనొక్కడిదే అనుకున్నాడు పాపం. అమ్మా, దీన్నేం అన్నావే అంది నా కూతురు నాతో. అన్నీ తర్వాత చెప్తాను, ముందు ఎత్తుకో అన్నాను. ఎత్తుకుంది. అంత పిల్లని, తడి బట్టలతో, రొప్పుతూ ఎత్తుకుంది.

‘ఏ ఇంటికమ్మా?’ అంది నా కూతురు, అడగడానికే భయపడుతూ.

‘బాత్రూంలో బల్లి ఉంటుందే, ఆ ఇంటికి. ఇప్పుడే.’

‘బల్లంటే నీకు భయం కదే?’

‘భయమే,’ అంది వెక్కుతూ, వాళ్ళమ్మ మెడ చుట్టూ చేతులేసి, ‘అయినా ఆ ఇంటికే.’

ఎప్పుడూ నోరు మూతపడని మా అల్లుడు ఒక్క మాట కూడా అనకుండా, తడి జేబులోంచి కారు తాళాలు బయటికి తీశాడు.